కమిటీ లేని జవాబు

సార్వభౌమాధికారం ఈ భూమ్మీద రెండే చోట్ల సంపూర్ణంగా ఉందని శాస్త్రం తెలిసినవాళ్లు ఒప్పుకోక తప్పదు. ఒకటి, బి.ఏ. మూడో సంవత్సరం పొలిటికల్ సైన్స్ పుస్తకంలో. రెండోది, ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్ల కమిటీల్లో. 1988 దాకా ఈ రెంటికీ ముఖపరిచయం లేదు. ఆ ఏడు పసుపు తవ్వే కాలంలో రెండూ ఎదురుపడ్డాయి. ఆ సమయానికి మధ్యలో నిలబడిన పాపానికి, మా క్లాసులో అందరికన్నా బాగా చదివే గంగాధర్ ఏమయ్యాడన్నదే ఈ నివేదిక.

గంగాధర్ ఊరు ఆర్మూర్ నుంచి వేల్పూర్ పోయే తొవ్వలో ఉంటుంది. (పేరు రాయడానికి అనుమతి ఇమ్మని కమిటీని కోరాం. పరిశీలనలో ఉంది.) ఆ కమిటీలో కులానికొకరు కూర్చుంటారు. ఎన్నికల్లేవు, పదవీకాలం లేదు, రాతకోతలు లేవు. కల్లు ఏ పొద్దు దాకా అమ్మాలి, చెరువులో చేపలు ఎప్పుడు పట్టాలి, ఎవరి బర్రె ఎవరి మక్కచేనులో పడితే ఎవరిది తప్పు, ఇవన్నీ అక్కడే తేలుతాయి. మాట వినని ఇంటితో ఊరు మాట్లాడదు, అంతే. పోలీసులు అక్కర్లేదు, జైలు అక్కర్లేదు, బడ్జెట్ సమావేశాలు అసలే అక్కర్లేదు. ఇంత చవకగా నడిచే రాజ్యం మా పుస్తకంలో ఎక్కడా లేదు. పేజీలు చాలక వదిలేసి ఉంటారని మేం సరిపెట్టుకున్నాం.

ఆ ఊరికి సర్పంచ్ కూడా ఉన్నాడు. పేరు చిన్నన్న, చాలా మంచివాడు. కమిటీయే ఆయన్ని నిలబెట్టింది, కమిటీయే గెలిపించింది, సంతకం ఎక్కడ పెట్టాలో కూడా కమిటీయే వేలు పెట్టి చూపించేది. కమిటీ చావడిలో కూర్చున్నప్పుడు చిన్నన్న మెట్ల మీద, అందరి చెప్పులకు కొంచెం ఎగువన కూర్చునేవాడు. ఎవరైనా ఆయన్ని "సర్పంచ్ సాబ్" అని పిలిస్తే భయపడి వెనక్కి చూసేవాడు.

ఇక గంగాధర్. వాడు ఆ ఊళ్లో డిగ్రీ మూడో ఏడు దాకా వచ్చిన మొదటివాడు. తండ్రి ధర్మయ్య పసుపు రైతు. తండ్రీకొడుకుల మధ్య ఒక ఒప్పందం ఉంది. పాసైతే ఎమ్మే, తప్పితే మస్కట్. ఎమ్మే అంటే ఏమిటో ధర్మయ్యకు తెలియదు గానీ మస్కట్ బాగా తెలుసు, ఆయన అన్నకొడుకు అక్కడ సెంట్రింగ్ పని చేస్తున్నాడు. అందుకని ముందుజాగ్రత్తగా కొడుకు పాస్‌పోర్టు తీయించి సందుగలో పెట్టాడు. గంగాధర్‌కు మాత్రం ఎమ్మే మీదే ప్రాణం. యూనివర్సిటీ లైబ్రరీలో ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లెమ్మని అనరట, బాబురావు సార్ చెప్పారు. ఆ మాట మాకు రోజుకోసారి వినిపించేవాడు, పక్కనే కూర్చున్న పాపానికి నేను వినేవాణ్ణి.

బాబురావు సార్ మా పొలిటికల్ సైన్స్ లెక్చరర్. నాలుగో పేపరు "స్థానిక ప్రభుత్వాలు" ఆయనే చెప్పేవారు. అందులో ప్రతి ఏడూ తప్పకుండా వచ్చే పెద్ద ప్రశ్న ఒకటి, "గ్రామ పరిపాలనను వివరించండి" అని. జవాబు కూడా ప్రతి ఏడూ ఒకటే. "గ్రామాన్ని పరిపాలించేది గ్రామ పంచాయతీ. దానికి అధిపతి సర్పంచ్. ఆయన ప్రజలచే ఎన్నుకోబడి, సర్వ కార్యనిర్వాహక అధికారములు కలిగియుండును." దాని తర్వాత పంచాయతీ సమితి గురించి ఒక పేజీ ఉంటుంది. (సమితులు రద్దయి మండలాలు వచ్చిన సంగతి ఇంకా పుస్తకానికి చేరలేదు. పుస్తకం పోస్టులో వస్తోంది.) గంగాధర్ ఆ జవాబును కామాలతో సహా కంఠతా పట్టాడు.

తప్పు ధర్మయ్యది. మనసు మంచిదే గానీ తప్పు తప్పే. మా దిక్కు ఊళ్లలో పిల్లగాడు చదువుతున్నాడంటే నలుగురి ముందు నిలబెట్టి చదివించాల్సిందే, లేకపోతే వాడు నిజంగా చదువుతున్నాడని ఎవరూ నమ్మరు. ఒకనాడు కమిటీ కూర్చుని ఉండగా ధర్మయ్య కొడుకును వెంటబెట్టుకుని పోయాడు.

"మావోడు మూడో యేడుకొచ్చిండు. పుస్తకం సూడకుంటనే సెప్తడు. ఒక్కపాలి ఇనుండ్రి," అన్నాడు.

కమిటీ పెద్ద ముత్తెన్న బీడీ ఆర్పి పక్కన పెట్టాడు. చదువంటే ఆయనకు గౌరవం. "సెప్పు బిడ్డా. మనకు సంబంధించిందే సెప్పు జర, దేశాలు గిట్ల మాకెందుకు," అన్నాడు.

మనకు సంబంధించిందే చెప్పమన్నారు కనుక గంగాధర్ గ్రామ పరిపాలన అందుకున్నాడు. చేతులు కట్టుకుని, గొంతు సవరించుకుని, "గ్రామాన్ని పరిపాలించేది గ్రామ పంచాయతీ" అనేదాకా అందరూ నవ్వుముఖంతోనే ఉన్నారు. "దానికి అధిపతి సర్పంచ్" అనేసరికి మెట్ల మీద చిన్నన్న లేచి నిలబడ్డాడు. "సర్వ కార్యనిర్వాహక అధికారములు" దగ్గరికి వచ్చేసరికి ఆయన రెండు చేతులూ జోడించాడు.

"ముత్తెన్నా, నాకేం ఎర్క లేదే. నేను సెప్పియ్యలే. పోరడు ఎందుకంటుండో నాకు సమజైతలేదు," అన్నాడు చిన్నన్న.

"నువ్వు కూసో," అన్నాడు ముత్తెన్న. చిన్నన్న ఈసారి ఒక మెట్టు కిందికి కూర్చున్నాడు.

గంగాధర్ జవాబు మొత్తం చెప్పి ఆగాడు. ముత్తెన్న, "అయిపోయిందా? కమిటీ ముచ్చట ఏడ వచ్చె?" అని అడిగాడు.

"రాదు పెద్దనాయినా. పుస్తకంల లేదు."

"లేదంటే? మనం ఈడ కూసున్నం గదా!"

"కూసున్నరు. కని పుస్తకంల లేరు."

ఇక్కడ ముత్తెన్నకు న్యాయం చేయాలి. ఆయన కోపం తెచ్చుకోలేదు. ఆయన బాధపడింది వేరే విషయానికి. పెద్ద పరీక్షలో ఊరి పిల్లవాడే ఇలా రాస్తే, ఆ కాగితం ఎక్కడో పట్నంలో ఎవరో చదివి, ఈ ఊళ్లో అడిగేవాడు లేడనుకుంటే ఊరి ఇజ్జత్ ఏం కావాలి? కమిటీ చర్చించింది. తీర్మానం సాయంత్రానికి డప్పు మీద ఊరంతా చాటారు. "ధర్మయ్య కొడుకు పెద్ద పరీక్షల సరిగ్గ రాసేదాంక, ధర్మయ్యకు కడాయి లేదు."

ఈ కడాయి సంగతి పసుపు తెలియనివాళ్లకు చెప్పాలి. తవ్విన పసుపును కొద్ది రోజుల్లోనే పెద్ద కడాయిలో ఉడకబెట్టాలి, లేకపోతే పై కొమ్ములు వడలిపోతాయి, కింది కొమ్ములు మొలకలేస్తాయి, మార్కెట్‌లో ఎవరూ ముట్టరు. ఊరికంతటికీ కడాయి ఒకటే, అది కమిటీది, వంతుల మీద తిరుగుతుంది. ధర్మయ్య పసుపు అప్పటికే తవ్వి, కుప్పపోసి, మక్కసొప్ప, అంటే మొక్కజొన్న చొప్ప, కప్పి ఉంది. పరీక్షకు ఇంకా రెండు వారాలున్నాయి.

ధర్మయ్య పక్క ఊరికి పోయి కడాయి అడిగాడు. వాళ్లు మర్యాదగా మంచినీళ్లిచ్చి, "మీ కమిటీ నుంచి మాట వచ్చింది" అన్నారు. ఇంకో ఊరికి పోతే మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అంతర్జాతీయ సంబంధాలు మాకు మూడో పేపరు. రెండు దేశాల మధ్య నేరస్థుల అప్పగింత ఒప్పందం కుదరడానికి ఏళ్లు పడుతుందని అందులో ఉంది. ఇక్కడ సైకిల్ మీద ఒక మనిషి పోయి వచ్చేంతలో కుదిరింది.

గంగాధర్ పోయి బాబురావు సార్ ముందు నిలబడ్డాడు, నేనూ వెంట ఉన్నాను. సార్ అంతా విని, నుదురు రుద్దుకుని, "సిద్ధాంతపరంగా మీ ముత్తెన్న కరెక్టే," అన్నారు.

"అయితే అదే రాయాల్నా సార్?"

"రాస్తే తప్పుతవ్."

"రెండూ రాస్తే సార్? సగం పుస్తకంది, సగం ఊరిది?"

"అప్పుడు రెండు చోట్ల తప్పుతవ్ రా," అన్నారు సార్ ప్రేమగా. ఆయన ఆర్మూర్ పక్కనే పెర్కిట్‌లో అద్దెకుంటారు. ఆ మధ్య పాలవాణ్ణి మార్చినందుకు అక్కడి కమిటీ ముందు నిలబడి వచ్చారు. ఆ విషయం ఆయన పాఠంలో చెప్పలేదు, సిలబస్‌లో లేదు కనుక.

అయినా గురువు గురువే. ఆదివారం నాడు సార్ లూనా మీద ఆ ఊరికి వచ్చి చావడిలో కూర్చున్నారు. పిల్లవాడి తప్పేమీ లేదని, ఏం చదవాలో, ఏం రాయాలో నిర్ణయించేది బోర్డ్ ఆఫ్ స్టడీస్ అని విడమరచి చెప్పారు.

"గా బోర్డుల ఎవలుంటరు సారూ?" అన్నాడు ముత్తెన్న.

"పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఉంటరు."

"వాళ్లకు ఓట్లు పడతయా?"

"ఓట్లుండవు."

"మరి ఎవలు పెట్టిండ్రు వాళ్లను?"

"ఎవరు పెట్టారంటే... ముందునుంచి ఉన్నవాళ్లు పెడతారు."

"వాళ్ల మాట కాదంటే?"

"కాదంటే మార్కులు రావు."

ముత్తెన్న ముఖం విప్పారింది. పక్కనున్న కమిటీ మనిషి నడిపయ్యను మోచేత్తో పొడిచి, "అది గూడ కమిటీయేనే!" అన్నాడు. చావడి మొత్తం తేలికపడింది. ఇంతసేపూ ప్రత్యర్థి ఎవరో తెలియక ఇబ్బంది పడ్డారు గానీ, అవతల ఉన్నది సాటి కమిటీ అని తేలాక ఇక భయమెందుకు? కమిటీకీ కమిటీకీ మధ్య మాటతో తెగని పంచాది ఉండదు. పోయి మాట్లాడదామని అక్కడికక్కడే తీర్మానించారు.

ముత్తెన్న, నడిపయ్య, దారి చూపడానికి చిన్నన్న, ముగ్గురూ పట్నం బస్సెక్కారు. యూనివర్సిటీలో మూడు ఆఫీసులు తిరిగాక ఒక గుమస్తా వాళ్ల మొర విన్నాడు. ఊరి తరఫున అర్జీ అంటే సర్పంచ్ సంతకమూ ముద్రా ఉండాలని చెప్పాడు. ముత్తెన్న సంతకం పనికిరాదన్నాడు. ఆ మాట జీవితంలో మొదటిసారి విన్న ముత్తెన్న, పాపం, అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాడట.

చివరికి అర్జీ తయారైంది. "ఈ గ్రామమునందు సర్పంచుకు ఎట్టి అధికారమూ లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని రాయించి, నడిపయ్య వేలు చూపించిన చోట చిన్నన్న సంతకం చేసి ముద్ర వేశాడు. గుమస్తా ముద్రను వెలుగులో పెట్టి చూశాడు. అధికారం ఉన్నవాడి సంతకమే కనుక చెల్లుతుందని తీసుకున్నాడు. సిలబస్ మార్పు మూడేళ్లకోసారి జరుగుతుందని, ఈలోగా పరిశీలనకు సబ్ కమిటీ వేస్తారని కూడా చెప్పాడు.

"సబ్ కమిటీ అంటే సిన్న కమిటీ," అని ముత్తెన్న ఊళ్లో చెప్పాడు. "మన ముచ్చట వాళ్లకు సమజైంది. మంచోళ్లే."

అయితే తీర్మానం మాత్రం మారలేదు. (సబ్ కమిటీ నివేదిక వచ్చేదాకా పాత తీర్మానమే అమల్లో ఉంటుంది, ఇది ఎక్కడైనా ఉన్న పద్ధతే.) ఈలోగా పసుపు కుప్ప వేడెక్కడం మొదలైంది. గంగాధర్ తల్లి కమలవ్వ రోజూ మక్కసొప్ప తీసి చూసి, మళ్లీ కప్పి, ఒకనాడు చావడి ముందుకే పోయి నిలబడింది.

"మీ కమిటీ సల్లగుండ! పుస్తకం రాసినోడు ఏడనో ఉన్నడు, వానికి బంద్ జెయ్యిండ్రి కడాయి. నా కొడుకేం జేసిండు? నా పసుపేం జేసింది?" అంది.

ముత్తెన్న తల దించుకుని, "నిజమే వదినె. కని తీర్మానమాయె," అన్నాడు.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండే విషయం ఏమిటంటే, ఆ చావడిలో చెడ్డవాడు ఒక్కడు కూడా లేడు. ఒక్కడున్నా వాణ్ణి తిట్టుకుని బతికేవాళ్లం.

పరీక్ష ముందు రోజు గంగాధర్ నాతో తన పథకం చెప్పాడు. పుస్తకం జవాబే రాసి, ఊళ్లో మాత్రం కమిటీ జవాబు రాశానని చెప్తాడట. పేపర్లు పట్నం పోతాయి కదా, చూసేదెవరు? మంచి పథకమే. కాకపోతే ఆ ఆలోచన కమిటీకి వాడికన్నా ముందే వచ్చింది. ఆ రోజుల్లో పరీక్ష కేంద్రాల కిటికీల దగ్గర పిల్లల చుట్టాలు ధైర్యం చెప్పడానికి నిలబడే ఆచారం ఉండేది. ఆ చుట్టాల్లో ఒకడిగా సర్పంచ్ చిన్నన్నను నియమించారు. ఆయన పదవిలోకి వచ్చాక ఆయన ఒక్కడికే అప్పగించిన మొదటి పని ఇదే. సర్పంచుకు అధికారం లేదని సరిగ్గా రాస్తున్నాడో లేదో సర్పంచ్ చూసుకోవాలి.

చిన్నన్నకు చదవడం రాదు. కానీ ఆయన అప్పటికే ఒక పద్ధతి కనిపెట్టి ఉన్నాడు. "కంఠపాఠమైతే సరసర రాస్తడు. ఎర్కున్నది రాస్తే నిలబడి నిలబడి రాస్తడు," అని కమిటీకి చెప్పి వచ్చాడు.

ప్రశ్న రానే వచ్చింది. నేను వాడి వెనక బెంచీలో ఉన్నాను. గంగాధర్ మొదటి వాక్యం సరసర రాశాడు. కిటికీ బయట చిన్నన్న దగ్గాడు. రెండో వాక్యం రాశాడు. చిన్నన్న మళ్లీ దగ్గి, తలకు చుట్టిన తువ్వాల తీసి చెమట తుడుచుకున్నాడు. ఎండలో నిలబడి ఎంతో దీనంగా చూస్తున్నాడు, తనకు అధికారం అంటగట్టొద్దని. గంగాధర్ ఆయన్ని చూశాడు. కలం కింద పెట్టాడు. ఇంట్లో కుప్ప సంగతి గుర్తొచ్చిందో, అమ్మ గుర్తొచ్చిందో, రాసిన రెండు వాక్యాలనూ అడ్డంగా కొట్టేశాడు.

తర్వాత వాడు రాయడం మొదలుపెట్టాడు. ఆగి ఆగి, ఆలోచించి ఆలోచించి, మధ్యలో ఒకసారి తనలో తనే నవ్వుకుని రాశాడు. అదనపు కాగితాలు మూడుసార్లు అడిగాడు. కమిటీ ఎలా కూర్చుంటుంది, మాట ఎలా తెగుతుంది, మంచివాళ్లంతా కలిసి ఒక ఇంటితో మాట్లాడటం ఎలా మానేస్తారు, సర్పంచ్ మెట్ల మీద ఎందుకు కూర్చుంటాడు, అన్నీ రాశాడు. మూడేళ్లలో మొదటిసారి వాడు తనకు తెలిసింది రాశాడు. బయటికి వచ్చాక వాడి ముఖం చూస్తే నాకు అసూయ కలిగింది. అంత సంతోషం పరీక్ష హాల్లో దొరుకుతుందని నాకు తెలియదు.

చిన్నన్న సైకిల్ మీద ముందుగా ఊరికి పోయి, "నిలబడి నిలబడి రాసిండు" అని సాక్ష్యం చెప్పాడు. ఆ సాయంత్రమే కడాయి ధర్మయ్య ఇంటికి వచ్చింది. ముత్తెన్న స్వయంగా పొయ్యి దగ్గర కూర్చుని మంట సరిచేశాడు. పై కొమ్ములు పోయాయి గానీ కుప్పలో చాలామటుకు దక్కింది. కమలవ్వ ఏడ్చింది, ఆ తర్వాత అందరికీ చాయ్ పోసింది.

పేపర్లు దిద్దే క్యాంపుకు బాబురావు సార్ కూడా వెళ్లారు. నంబర్లే తప్ప పేర్లుండని ఆ కట్టల్లో ఆయనకు ఒక జవాబు తగిలింది. ఎవరిదో చెప్పాల్సిన పని లేకపోయింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో గ్రామ పరిపాలన మీద అంత మంచి జవాబు చదవలేదని ఆయనే మాకు తర్వాత చెప్పారు. రెండుసార్లు చదివారట, పక్క టేబుల్ ఆయనకు కొంత వినిపించారట. తర్వాత మార్కుల పద్ధతి కాగితం తీసి చూస్తే, ఏ పాయింటుకు ఎన్ని మార్కులో అందులో ఉంది. గ్రామ పంచాయతీకి ఉంది, సర్పంచుకు ఉంది, రద్దయిన సమితికి కూడా ఉంది. కమిటీకి లేదు. సార్ సున్నా వేసి, కింద సంతకం చేశారు.

"మీరే వేశారా సార్?" అన్నాను నేను. నా గొంతు కొంచెం లేచింది.

"నేను వెయ్యకపోతే చీఫ్ ఎగ్జామినర్ వేస్తాడు. పైగా నామీద తీర్మానం చేస్తారు," అన్నారు సార్. చెప్పి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

పెద్ద ప్రశ్నకు సున్నా, ఆగి ఆగి రాసినందుకు మిగతా ప్రశ్నలకు టైము చాలలేదు, నాలుగో పేపరు పోయింది. ఒప్పందం ఒప్పందమే కనుక ధర్మయ్య సందుగ తెరిచాడు. మళ్లీ రాస్తానని గంగాధర్ బతిమాలాడు. ఏ జవాబు రాస్తావని తండ్రి అడిగితే చెయ్యి చాచి పాస్‌పోర్టు అందుకున్నాడు. ఆ ఏడు పసుపుకు మంచి ధర పలికింది, వీసాకు అదే అక్కరకొచ్చింది. బస్సెక్కే రోజు ఊరంతా వచ్చింది. పెద్ద పరీక్షలో ఊరి మాట నిలబెట్టిన పిల్లవాడని ముత్తెన్న వాడి మెడలో దండ వేశాడు.

ఏడాది తిరిగాక మస్కట్ నుంచి క్యాసెట్ వచ్చింది. అప్పట్లో ఉత్తరాలకన్నా క్యాసెట్లే నయం, మనిషి గొంతు వినిపించేది. చావడిలో టేప్‌రికార్డర్ పెట్టారు. నేనూ పోయాను. కమలవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. లైబ్రరీ గురించి ఏమైనా అంటాడేమోనని నేను చెవులు రిక్కించాను. అనలేదు.

"అమ్మా, నేను మంచిగున్న. ఈడ మన దిక్కోళ్లం ఒక్క రూముల పన్నెండు మందిమి ఉంటున్నం. మొదట్ల లొల్లి లొల్లి ఉండె. ఇగ అందరం కూసోని ఒక కమిటీ ఏస్కున్నం. సదువుకున్నోనివని నన్నే పెద్దగ పెట్టిండ్రు. ఇప్పుడు రూము మంచిగ నడుస్తుంది. ఎంకటి ఒక్కడే జర మాట ఇంటలేడు. మంచోడే, కని గట్లయితే నడువది గదా. నెల దినాల సంది వానితోని ఎవ్వలం మాట్లాడుతలేం."

క్యాసెట్ ఆగింది. కమలవ్వ మా అందరి ముఖాల్లోకి ఒక్కొక్కటిగా చూసింది. ముత్తెన్న తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

"ఇప్పుడబ్బింది పోరనికి సదువు," అన్నాడు.